పెరటి చిక్కుడు పాదు - కంపు నల్లి

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థులకు రెండు పరీక్షలు తప్పవు. ఒకటి, "మార్కులెన్నొచ్చాయి?" అని చుట్టాలు పెట్టేది. రెండోది, మనం చదివిన చదువు ఇంట్లో దేనికైనా అక్కరకొస్తుందేమోనని అమ్మానాన్నలు పెట్టేది. మొన్నటి సెలవుల్లో మొదటి పరీక్ష ఎలాగో గట్టెక్కాను. రెండోదానిలో సున్నా వచ్చింది. ఆ సున్నాను దిద్దుకునే ప్రయత్నమే ఈ వ్యాసం.

మా పెరట్లో చిక్కుడు పాదు ఉంది. కార్తీకంలో పూత పట్టి, పుష్యమాసానికి పందిరంతా కమ్మి, గోడ దాటి పక్కింటివైపుకు కూడా పాకింది. ఇవతల కాసినవి మేము, అవతల కాసినవి వాళ్ళు కోసుకుంటాం. ఈ ఏడు ఆ పాదు నిండా కంపు పురుగు. తీగ కణుపుల దగ్గర, కాడల వెంబడి, గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉంది. అమ్మ కూరకు కాయలు కోసుకొచ్చి, సబ్బుపెట్టి మూడుసార్లు చేతులు కడుక్కుంది. అయినా కంపు పోలేదు. "పురుగుల శాస్త్రం చదువుతున్నావు గదే, దీనికేం చెయ్యాలో చెప్పు" అంది.

హెమిప్టెరా వర్గపు లక్షణాలు వరసగా రాయమంటే నేను నిద్రలో కూడా రాస్తాను. కాని మా పందిరి కింద నిలబడేసరికి నోరు పెగల్లేదు. ఈలోగా నాన్న కొట్టంలోకి వెళ్ళి, ఎప్పుడో పత్తికి కొట్టగా మిగిలిన పాత మందు డబ్బా పట్టుకొచ్చాడు. దాని మీద ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ. "ఒక్క పిచికారీ చాలు. తెల్లారేసరికి ఒక్కటుండదు" అన్నాడు. వసారాలోంచి నాయనమ్మ, "రథసప్తమికి ఆ ఆకుల్లోనే గదరా పరమాన్నం పెట్టేది?" అంది.

చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో సూర్యునికి పరమాన్నం నైవేద్యం పెట్టి, ఆ ఆకులోనే అందరం ప్రసాదం తింటాం. రథసప్తమి రెండు వారాల్లో ఉంది. గోడ అవతల పక్కింటి పిన్ని ఆ పూట కూరకు కాయలు కోసుకుంటూ ఉంది. నాన్న డబ్బా కింద పెట్టి, "అయితే నువ్వు చెప్పమ్మా, ఏం చేద్దాం?" అన్నాడు. "నాలుగు రోజులు ఆగు నాన్నా" అన్నాను. ఆ నాలుగు రోజుల్లో, ఆ తరువాత మన లైబ్రరీలోను తెలుసుకున్న సంగతులు మిత్రులతో పంచుకుంటున్నాను.

శత్రువెవరు?

మన భాషలో నల్లి అనే మాటకు చాకిరీ ఎక్కువ. మంచంలో కుట్టేదీ నల్లే, వంగాకు కింద సన్నని గూడు అల్లే ఎర్రనల్లీ నల్లే. కాని ఎర్రనల్లి అసలు కీటకమే కాదు. దానికి ఎనిమిది కాళ్ళు. అది సాలెపురుగుకు చుట్టం. కంపు నల్లికి ఆరే కాళ్ళు. సూదిలాంటి ముక్కు ఒకటి తల కింద నుంచి కాళ్ళ మధ్యకు మడిచిపెట్టుకుని ఉంటుంది. ఆకును కొరికి తినే పళ్ళు దానికి లేవు. ముక్కు గుచ్చి, ఉమ్మి లోపలికి వదిలి, రసం పీలుస్తుంది. అందుకే కంపు నల్లి పట్టిన మొక్క ఆకులకు చిల్లులుండవు. చిల్లులు కనబడితే ఆ నేరం గొంగళి పురుగుదో, మిడతదో అయి ఉంటుంది.

మన పెరళ్ళలో ముఖ్యంగా కనబడేవి నాలుగు రకాలు.

మొదటిది మా పాదు మీద ఉన్న చిక్కుడు నల్లి. శాస్త్రీయనామం మెగాకోప్టా క్రిబ్రేరియా. మినపగింజ పరిమాణంలో గుండ్రంగా, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులో, సన్నని నల్లచుక్కలతో ఉంటుంది. తీగను, కాడను పట్టుకుని గుంపుగా పీలుస్తుంది. పాదు నీరసించి కాపు తగ్గుతుంది.

రెండోది ఆకుపచ్చ నల్లి, నెజారా విరిడ్యులా. డాలు ఆకారంలో, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. టమాటా, చిక్కుడు, బెండ, బొబ్బర్లు, అన్నీ దానికి ఇష్టమే. టమాటా మీద గుచ్చినచోట తొక్క కింద తెల్లగా మచ్చలు పడి, కండ బెండులాగా అవుతుంది. లేతకాయలో గింజను గుచ్చితే గింజ ముడుచుకుపోయి కాయ వంకర తిరుగుతుంది.

మూడోది రంగు నల్లి, బాగ్రాడా హిలారిస్. నల్లటి ఒంటి మీద నారింజ, పసుపు మచ్చలు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ మొక్కల మీద వాలుతుంది. తక్కినవి గుడ్లు ఆకులకు అంటిస్తే, ఇది ఎక్కువగా మట్టిలో పెడుతుంది. కాబట్టి దీని విషయంలో ఆకు తిరగేసి వెతికితే లాభం లేదు. మొక్క మొదట్లో మట్టిని పైపైన కదిలించాలి.

నాలుగోది గుమ్మడి, దోస, బీర పాదుల మీద కనబడే ఎరుపు-నలుపు పెద్ద నల్లి, కొరిడియస్ జానస్. పెద్దది కనుక చేతికి దొరకడం తేలిక.

మిత్రులెవరు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. చిక్కుడు నల్లి గుండ్రంగా ఉండడం వల్ల, పేనుబంకను తినే అక్షింతల పురుగును కూడా అదే అనుకుని నలిపేస్తారు. గుర్తు తేలిక. అక్షింతల పురుగు వీపు మీద నిలువునా ఒక గీత ఉంటుంది. రెండు రెక్కల పెంకులు కలిసే చోటు అది. చిక్కుడు నల్లి వీపు మీద ఆ గీత ఉండదు. ఒకే పెంకు పొట్టంతా కప్పేస్తుంది.

కంపు నల్లుల వంశంలోనే మంచివాళ్ళూ ఉన్నారు. ఇయోకాంథెకోనా ఫర్సెల్లాటా అనే నల్లి మొక్కను పట్టించుకోకుండా గొంగళి పురుగులను గుచ్చి రసం పీలుస్తుంది. దాని భుజాల మీద ముళ్ళుంటాయి, ముక్కు కాస్త లావుగా ఉంటుంది. గొంగళి పురుగును ముక్కుకు గుచ్చుకుని మోసుకుపోయే నల్లి కనబడితే, దానికి దారి వదలాలి.

కంపు సంగతి

పిల్లనల్లికి కంపు గ్రంథులు వీపు మీద ఉంటాయి. రెక్కలొచ్చి పెద్దదయ్యాక రొమ్ము అడుగుభాగంలో, కాళ్ళ మొదళ్ళ దగ్గరికి చేరతాయి. అందులోంచి వచ్చేది ముఖ్యంగా ఆల్డిహైడ్ల మిశ్రమం. మన కెమిస్ట్రీ మిత్రులకు ఒక తమాషా చెప్పాలి. ఆ మిశ్రమంలో కనబడే ట్రాన్స్-2-డెసినాల్ వంటి ఆల్డిహైడ్లు మన కొత్తిమీరలోనూ ఉన్నాయి! కొంతమందికి కొత్తిమీర పడకపోవడానికి, నల్లి వాసన వేస్తుందనడానికి ఆధారం లేకపోలేదన్నమాట. ఈ మాట విని నాయనమ్మ ఆ పూట చారులో కొత్తిమీర వేయనివ్వలేదు.

ఈ కంపు పక్షులకు, బల్లులకు బెదిరింపు. తోటి నల్లులకు హెచ్చరిక కూడా. ఒకదాన్ని నలిపితే పక్కనున్నవి ఆకు వదిలి టపటపా రాలిపోతాయి. చేత్తో ఏరబోతే నాలుగు దొరికి నలభై జారిపోవడానికి కారణం ఇదే. అయితే ఈ రాలిపోయే అలవాటే మనకు ఉపాయం చెబుతుంది. రాలేచోట ముందుగానే సబ్బునీళ్ళు పెడితే సరి!

జీవితచరిత్ర - అందులో బలహీనమైన రోజులు

ఆకుపచ్చ నల్లి ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. పీపాల ఆకారంలో ఉండే గుడ్లు, ముప్ఫై మొదలు నూరు పైచిలుకు వరకు, వరసలు తీర్చి అంటించినట్టు ఉంటాయి. మొదట లేతపసుపు, పొదగబోయే ముందు గులాబీ-నారింజ రంగు. వేడి రోజుల్లో అయిదారు రోజులకు పిల్లలు బయటికొస్తాయి. కాని అవి వెంటనే మేతకు పోవు. మొదటి దశలో ఏమీ తినకుండా ఆ గుడ్ల పెంకుల మీదే గుంపుగా కూర్చుంటాయి. తరువాత కుబుసం విడుస్తూ, మొత్తం అయిదు పిల్లదశలు దాటి రెక్కలు తెచ్చుకుంటాయి. గుడ్డు నుంచి పెద్దనల్లి వరకు వెచ్చని వాతావరణంలో సుమారు అయిదు వారాలు.

లెక్క చూడండి. గుంపుగా కూర్చున్న రోజుల్లో ఒక్క ఆకు తుంచితే ఒక సంసారం మొత్తం పోతుంది. అదే సంసారం రెక్కలొచ్చి తలో చెట్టుకు చేరాక పట్టుకోవాలంటే నెల పడుతుంది. ఈ వ్యాసమంతటికీ కీలకం ఈ ఒక్క ముక్కే. నల్లిని జయించడం మందు బలం మీద కాదు, చూసే రోజు మీద ఆధారపడి ఉంది.

చిక్కుడు నల్లి కథ ఇంకా విచిత్రం. అది గుడ్లను రెండు వరసలుగా పెట్టి, వాటి కింద గోధుమరంగులో చిన్న చిన్న పొట్లాలు దాచిపెడుతుంది. ఆ పొట్లాల్లో ఉన్నది ఇషికావాయెల్లా అనే బాక్టీరియా. పుట్టిన పిల్లలు ముందుగా చేసే పని ఆ పొట్లానికి ముక్కు గుచ్చి పీల్చడం. చిక్కుడు రసంలో లేని పోషకాలను ఆ బాక్టీరియా కడుపులో ఉండి తయారుచేసి పెడుతుంది. దూడకు ముర్రుపాలు ఎట్లాగో వీటికి ఈ పొట్లం అట్లాగ. జపాను శాస్త్రజ్ఞులు ఈ కుటుంబపు నల్లుల మీద ప్రయోగాలు చేసి, పొట్లం అందని పిల్లలు సరిగా ఎదగలేక చాలావరకు చనిపోతాయని చూపించారు.

ఇదే జాతి 2009లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కనబడింది. మన దగ్గర పెరటి పురుగుగా ఉన్నది అక్కడ సోయాచిక్కుడు పొలాలకు పాకి, చలికాలం ఇళ్ళ గోడలకు గుంపులుగా చేరి నానా అల్లరి చేసింది. పుట్టినచోట దాని గుడ్లను తినే శత్రువులున్నాయి. కొత్తచోట అవి లేకపోయాయి. 2013లో దాని గుడ్ల మీద బతికే ఒక చిన్న కందిరీగ జాతి కూడా అక్కడ కనబడింది.

ఏం చెయ్యాలి?

ఒకటి: వారానికి రెండుసార్లు ఆకులు తిరగేసి చూడాలి. గుడ్లు, గుంపుగా ఉన్న పిల్లలు కనబడితే ఆ ఆకు తుంచి సబ్బునీళ్ళలో వెయ్యాలి. మన పెరటి పందిరికి పావుగంట పని.

రెండు: రెక్కలొచ్చిన వాటిని ఎండ రాకముందే పట్టాలి. తెల్లవారుజామున చలికి మొద్దుబారి ఉంటాయి గనుక ఎగరలేక రాలతాయి. వెడల్పాటి బేసినులో నీళ్ళు పోసి, చెంచాడు సబ్బుపొడి కలిపి, గుత్తుల కింద పట్టి తీగను కర్రతో తట్టాలి. వట్టి నీళ్ళ మీద నల్లి తేలి గట్టెక్కుతుంది. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది గనుక మునిగిపోతుంది. ఇంటర్లో బట్టీపట్టిన తలతన్యత నాకు ఉపయోగపడింది ఆ రోజే! చేతికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుంటే కంపంటదు. ఆ రసం కంట్లో పడితే మంట, జాగ్రత్త.

మూడు: పందిరి చుట్టూ కలుపు ఉండనివ్వకూడదు. పెరటి మూల పెరిగిన ముళ్ళతోటకూర, పిల్లిపెసర ఆకుపచ్చ నల్లికి సత్రాలు. కాపు అయిపోయిన పాదును "ఉంటే ఉండనీ" అని వదిలేస్తే వచ్చే పంటకు విత్తనం నల్లులను మనమే దాచిపెట్టినట్టు.

నాలుగు: ఎర పంట. అసలు పంటకు కాస్త ముందుగా ఒక పక్కన నాలుగు బొబ్బర మొక్కలు వేస్తే నల్లి ముందు అక్కడ చేరుతుంది. కాని అక్కడ చేరినవాటిని రోజూ దులిపి చంపాలి. లేకపోతే అది ఎర కాదు, నర్సరీ!

అయిదు: వేపగింజల కషాయం. పైపెంకు తీసిన వేపపప్పు 50 గ్రాములు మెత్తగా దంచి, గుడ్డలో మూటగట్టి, కొద్ది నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండి, వడగట్టి, లీటరుకు నీళ్ళు కలిపి, చిటికెడు సబ్బు వేసి, సాయంత్రం ఆకు అడుగుభాగం తడిసేలా పిచికారీ చెయ్యాలి. వేపలోని అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా చెడిపోతుంది గనుక సాయంత్రమే మంచిది. కలిపింది కలిపిన రోజే వాడాలి. ఇది పిల్లనల్లుల మేతను, కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది. ముదిరిన నల్లిని ఇది చంపుతుందని ఆశపడకూడదు. కాయలు కోసేముందు బాగా కడుక్కోకపోతే కూర చేదెక్కుతుంది.

ఆరు: నల్లబడ్డ గుడ్లను ముట్టుకోకూడదు. ట్రిస్సోల్కస్ అనే కందిరీగ, ఆవగింజలో సగం కూడా లేనిది, నల్లి గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. అప్పుడు గుడ్డు గులాబీ రంగుకు బదులు నల్లగా మారుతుంది. అందులోంచి నల్లి రాదు, కందిరీగ వస్తుంది. ఆకుపచ్చ నల్లిని అణచడానికి ఆస్ట్రేలియావారు 1933లో ఈజిప్టు నుంచి ట్రిస్సోల్కస్ బసాలిస్‌ను తెప్పించుకున్నారు. మా టమాటా ఆకు మీద దొరికిన నల్లటి గుడ్లను సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి కిటికీలో పెట్టాను. మూడోరోజు పొద్దున సీసా గోడల మీద నలుసుల్లాంటి కందిరీగలు పాకుతున్నాయి. గుడ్డ విప్పి పందిరి కింద వదిలిపెట్టాం. మా చెల్లెలు బడికి పోకుండా చూసింది.

మందు డబ్బా గురించి

నాన్న తెచ్చిన డబ్బా మోనోక్రోటోఫాస్. అది ఆకు మీద పూతలా ఉండిపోయే మందు కాదు. మొక్క రసంలోకి దిగి తీగంతా తిరుగుతుంది. రసం పీల్చే నల్లికి అది విషమయ్యేది అందువల్లనే. కాని అదే రసం కాయలోనూ ఉంటుంది. పైన ఎన్నిసార్లు కడిగితే మాత్రం లోపలిది పోతుందా? 2005లోనే మన దేశంలో దీన్ని కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. డబ్బా మీద సన్నని అక్షరాల్లో ఆ మాట ఉంది. ఆ రోజు దాకా మా ఇంట్లో ఎవరమూ చదవలేదు. నేనూ చదవలేదు. డబ్బా మీది త్రికోణం ఎరుపైతే అత్యంత విషపూరితం, పసుపైతే దాని తరువాతి మెట్టు, నీలమైతే ఇంకొక మెట్టు కింద, ఆకుపచ్చయితే అన్నిటికంటే తక్కువ. ఈ నాలుగు రంగులు ప్రతి రైతుబిడ్డకు అక్షరాలతోపాటు నేర్పవలసినవి.

2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో కలిసిన విషం ఈ మోనోక్రోటోఫాసే. పొలం మందు వంటింటి దరిదాపులకు వస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే మాట అక్కరలేదు.

నాన్న వాదన కూడా చెప్పకపోతే అన్యాయం. "ఎకరం చేను దులుపుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే" అన్నాడు. నిజమే. చేనుకు కూలీల ఖర్చుంది, అప్పుంది, అదను తప్పితే మునిగే భయముంది. చేను సంగతి వేరే వ్యాసం. కాని పెరటి పాదుకు ఆ లెక్క వర్తించదు. ఇక్కడ మొక్కలు పదిలోపు, చూసే కళ్ళు నాలుగు జతలు, కోసేది రోజు విడిచి రోజు. పిచికారీకి, కోతకు మధ్య ఆగవలసిన రోజులు ఇంటి పాదుకు ఎవరూ ఆగరు. పొయ్యి మీద నూనె కాగుతుండగా వెళ్ళి కోసుకొచ్చే కాయ అది. చేనుకు సరిపోయిన మందు పెరటికీ సరిపోతుందనుకోవడమే మనం చేసే తప్పు.

చివరగా

ఆ నాలుగు రోజులూ అమ్మ, నేను తెల్లవారుజామునే లేచి బేసిను పట్టాం. మొదటిరోజు బేసిను అడుగు కనబడలేదు. నాలుగోరోజు లెక్కపెట్టగలిగినన్ని పడ్డాయి. గోడ అవతల పిన్ని కూడా తన వైపు దులిపింది. పాదు రెండిళ్ళదైనప్పుడు ఒక ఇంట్లో దులిపి లాభం లేదు గదా. నేను కాలేజీకి వచ్చేశాక అమ్మ వారానికి రెండుసార్లు ఆకులు తిరగేస్తూనే ఉంది. రథసప్తమినాడు ఫోను చేసి, "పురుగు పూర్తిగా పోలేదే. అక్కడక్కడా ఉంది. కాని చేతులు కంపు కొట్టడం లేదు" అంది. నల్లి నామరూపాల్లేకుండా పోవాలని కోరుకోవడం అత్యాశ. మనకు మిగిలేటన్ని కాయలు మిగిలితే గెలిచినట్టే. నాయనమ్మ ఆ ఆకుల్లోనే పరమాన్నం పెట్టిందట. పక్కింటి పిల్లలకూ ఆ ఆకుల్లోనే పంచిందట. మందు డబ్బా కొట్టంలో అటక మీది పెట్టెలో, తాళం కింద ఉంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మన చదువు విషయంలో ఆ మాట మనమే నిజం చేస్తున్నాం. సీసాల్లో ఫార్మలిన్‌లో ఉన్న నల్లిని చూసి పేరు రాయగల మనం, అమ్మ చేతికంటిన నల్లిని గుర్తుపట్టలేకపోతే ఆ మార్కులెందుకు? ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మిత్రులు ఒక్క పని చెయ్యండి. మీ పెరట్లో ఒక ఆకు తిరగేసి చూడండి. దాని కింద గులాబీ రంగు గుడ్లుంటే తుంచండి, నల్లవైతే వదిలెయ్యండి. అమ్మ అడిగితే కారణం చెప్పండి.